గుడ్డ మీద పెట్టిన పసుపు

పసుపు గుడ్డలో పాకడం నేను కళ్ళారా చూశాను. కాగితం మీద పెడితే అది పెట్టినచోటే ఉంటుంది, కందిబేడ అంత. గుడ్డ మీద అలా ఉండలేదు. గుడ్డ తాగేసింది. నేను వేలు తీసేలోపే బేడంత ఉన్నది చింతగింజంత అయింది. దారం పట్టుకొని పక్కకు నడిచింది, నడిచి నడిచి నీలం కుట్లలోకి దూరింది. అంగట్లో నేను ఒక్కదాన్నే ఉన్నాను. మధ్యాహ్నం రెండు గంటలు. వీధిలో జనం పోతూనే ఉన్నారు. నాకు మాత్రం చెవుల్లో దూది కుక్కినట్టు ఏ శబ్దమూ వినపడలేదు.

నాకు చదువు లేదు. సంతకం పెడతాను, బస్సు మీద ఊరి పేరు కూడబలుక్కుంటాను, అంతే. నేను చెప్తుంటే మా అన్న కూతురు రాస్తోంది. కాబట్టి ముందునుంచి చెప్తాను, నేను తికమక పడితే చదివేవాళ్ళు కూడా తికమక పడతారు.

తిరుపతిలో మాది పటాలు కట్టే అంగడి. కొండకు వచ్చినవాళ్ళు స్వామి పటం కొనుక్కొని పోతారు గదా, ఆ అంగళ్ళు వరసగా ఉన్న సందులో మాది చివరిది. మా ఆయన కట్టేవాడు. చట్రానికి మూలలు కోయడం, గాజు కోయడం, వెనక అట్ట పెట్టి మేకులు కొట్టడం అన్నీ ఆయనే. ఒకరోజు పొద్దున షట్టరు ఎత్తుతూ ఎత్తుతూ అక్కడే కూలిపోయాడు. ఆయన పోయి మూడేళ్ళయింది. అప్పటినుంచి మా మరిది ముందర కూర్చుంటాడు. నేను వెనక, గాజుపలకలు నిలబెట్టిన చాటున కూర్చుంటాను. ఆ చాటున నన్ను ఎవరూ కూర్చోబెట్టలేదు, నేనే కూర్చున్నాను. పెళ్ళికి ఇవ్వడానికో, గృహప్రవేశానికో పటం కొనడానికి వచ్చినవాళ్ళు నా నుదురు చూసి, వద్దులే అని పక్క అంగడికి పోతారేమోనని భయం. ఆ భయంతోనే దగ్గు వచ్చినా కొంగు అడ్డం పెట్టుకుంటాను.

గుడ్డపని మాత్రం నాది. అంటే, ఆడవాళ్ళు కుట్టిన పూలూ చిలకలూ దేవుళ్ళూ తెస్తారు, వాటికి పటం కట్టాలి. ఒకప్పుడు మా ఆయన గుడ్డకు కూడా కాగితానికి పూసినట్టే మైదా బంక పూసేవాడు. ఒకామె కుట్టిన రామచిలకలకు అలాగే పూశాడు. ఏడాది తిరగకముందే ఆమె ఆ పటం తెచ్చి మా బల్ల మీద బోర్లించింది. బంక మరకలు మరకలుగా పైకి తేలింది, ఒక మూల పురుగు తినేసింది. అప్పటినుంచి బంక మానేసి దారంతో లాగడం నేను నేర్చుకున్నాను. ముందు అట్టకు ఉతికిన తెల్లగుడ్డ తొడగాలి. దాని మీద కుట్టిన గుడ్డ పరిచి, నేత వంకరపోకుండా చూసుకొని, అట్ట అంచుల మందంలోకి గుండుసూదులు గుచ్చాలి. నడిమినుంచి మూలలకు పోవాలి. మూలలనుంచి మొదలుపెడితే నడుమ బుడగ లేస్తుంది. తర్వాత బోర్లించి, ఈ అంచునుంచి ఆ అంచుకు గట్టి దారంతో, నులకమంచం అల్లినట్టు లాగుతూ పోవాలి. కుట్లకు గాజు ఆనకుండా లోపల చుట్టూ సన్నని అట్టముక్కలు పెట్టాలి. ఇంత పని ఉందని చూసేవాళ్ళకు తెలియదు. తెలియకూడదు కూడా.

నేను మొదట చెప్పిన ఆ గుడ్డ ఒక టీచరమ్మది. పోయిన వినాయక చవితికి ఇరవై రోజుల ముందు ఆమె, వాళ్ళాయన సారు వచ్చారు. చిత్తూరునుంచి కాణిపాకం పోయే దోవలో ఉంటారు. ఆమె ఆడపిల్లల బడిలో కుట్టుపని నేర్పించి రిటైరయింది. షుగరు వల్ల కళ్ళు దాదాపుగా పోయాయి. వెలుతురు తెలుస్తుంది, మనిషి తెలియదు. సారు చెయ్యి పట్టుకొని మెట్లెక్కింది. చంకలో పాత పంచెలో చుట్టిన గుడ్డ. మరిది విప్పగానే నేను గాజుపలకల సందులోనుంచి చూశాను. నీళ్ళలో నడుముదాకా మునిగిన వినాయకుడు. ఆ నీళ్ళకే పదకొండు రకాల నీలం దారం. ఎక్కడ ఒక నీలం ఆగి ఇంకో నీలం మొదలైందో నాకు కనపడలేదు.

"గుడ్డపని చేసే మనిషి యాడ? రమ్మనండి ఒకసారి" అనింది టీచరమ్మ.

మరిది నా వైపు చూశాడు. నేను కొంగు కప్పుకొని బయటికి వచ్చాను. ఆమె మొహం నా వైపు తిప్పింది గానీ చూపు నా పక్కన గోడ మీద పడింది. ఈమెకు నా నుదురు కనపడదని అప్పుడు తెలిసింది. ఎంత హాయిగా ఉండిందో చెప్పలేను.

"అమ్మీ, బంక పూసేది లేదు."

"పూయనమ్మా. దారంతోనే లాగతా."

"గాజు బిగించే ముందర నాకు చెప్పాల. ఒకతూరి చేత్తో సూసుకుంటా. మళ్ళ గాజు పడినాక నాకేముండాది, అందరికీ కనపడతాది, నాకు తప్ప."

"మూడేండ్లు కుట్టిందిమే దీన్ని" అన్నాడు సారు. "నలభై ఏండ్లు నన్ను సూది మొన మీద నిలబెట్టింది. ఇప్పుడు ఆ సూదిలో దారం ఎక్కించమని నాకే ఇస్తాది. నాకేమో చేయి వణుకు. ఇద్దరం కలిస్తే ఒక్క దారం ఎక్కేదానికి పొద్దుగూకుతాది."

"అందుకే ఇదే కడది" అనింది టీచరమ్మ. "ఇంగ నేను కుట్టేది లేదు."

చవితికి రెండురోజుల ముందు వస్తామని చెప్పి పోయారు.

గుడ్డను నేను వారం రోజులకు అట్ట మీదికి లాగాను. అంత బాగా ఎప్పుడూ లాగలేదు. మా అంగట్లో ఒక పద్ధతి ఉంది. దేవుడి పటమైతే గాజు బిగించే ముందురోజు కింది అంచున తడి పసుపు ఒక చుక్క, దాని మీద కుంకుమ పెడతారు. అది ఆరాక గాజు. మా ఆయన పెట్టేవాడు. ఆయన పోయాక మరిది పెడుతున్నాడు. నన్ను పెట్టొద్దని ఎవరూ నోరు తెరిచి అనలేదు. అనే అవసరం రాలేదు. పసుపు డబ్బా పై గూట్లోకి ఎక్కింది, అంతే.

ఆ రోజు మరిది నాయుడుపేటలో ఒక ఆఫీసుకు పటాలు తగిలించడానికి పోయాడు. నేను స్టూలు ఎక్కి డబ్బా దించాను. ఎందుకు దించావంటే ఏం చెప్పను? ఆ పటం మొదలుపెట్టింది నేను, లాగింది నేను, ఆ ఒక్క చుక్క కూడా నా వేలితో పడాలనిపించింది. కుంకుమ ముట్టుకునే ధైర్యం లేదు. పసుపు వరకే అనుకున్నాను. సీసా మూతలో కలిపి, ఉంగరం వేలితో, నీళ్ళ కుట్ల కింద పెట్టాను. కాగితం మీద పెట్టినట్టే పెట్టాను. ఎన్ని వందల గుడ్డలు లాగానో, కానీ గుడ్డ మీద పసుపు పెట్టింది అదే మొదలు. గుడ్డ దేవుళ్ళకు మరిది గాజు బిగించాక గాజు మీదే పెట్టేవాడట. అది నాకు తెలియదు. ఆ చుక్క పెట్టేటప్పుడు నేను అటు చూసేదాన్ని కాదు గదా.

తడి కొంగుతో అద్దాను. ఇంకా పాకింది. అప్పుడు నా బుర్ర పనిచేయడం మానేసింది. బట్టల సబ్బు ముక్క తెచ్చి, నీళ్ళలో ముంచి రుద్దాను.

ఎర్రగా అయింది.

పసుపులో సున్నం కలిపితే ఎర్రనీళ్ళు అవుతాయని నాకు తెలియదా? పెళ్ళిళ్ళలో, పురుళ్ళలో దిష్టి తీయడానికి ఎన్నిసార్లు కలిపాయి ఈ చేతులు! సబ్బూ సున్నం లాంటిదేనని ఇప్పుడు చెప్తున్నాను, అప్పుడు అదేమీ తోచలేదు. నేను ముట్టనన్న కుంకుమ అదే వచ్చి గుడ్డ మీద కూర్చుంది అనుకున్నాను. కింద కూర్చుండిపోయాను. నా పాపం పైకి కనపడుతోంది, రేపు టీచరమ్మ ఇంటికి ఏ కీడు వచ్చినా అది నా వేలినుంచే పోతుంది అనుకున్నాను. తర్వాత ఇంకో భయం వచ్చింది, ఇది ఇంకా పెద్దది. ఆమె ఇంకోటి కుట్టలేదు. ఇదే కడది అనింది. మూడేళ్ళు, ఆమె చివరి చూపంతా ఇందులో పెట్టింది. నేను దాన్ని ఒక చుక్కతో చెడగొట్టాను.

మరిది వచ్చేసరికి పటాన్ని హార్డుబోర్డు పలకల వెనక దాచాను.

"వదినా, టీచరమ్మది అయిపాయనా?"

"దారం తెగిందప్పా. మళ్ళ లాగాల. నాలుగు దినాలు పడతాది."

"నీకు దారం తెగడమా?" అని నవ్వాడు. నేను మొహం పక్కకు తిప్పుకున్నాను.

మరుసటి రోజు సందు మొదట్లో ఇస్త్రీ బండి పెట్టుకునే అక్క దగ్గరికి పోయాను. మరకల సంగతి ఆమెకు తెలిసినంత ఎవరికీ తెలియదు. మా పక్కింటామె జాకెట్టుకు పసుపు పడిందక్కా, సబ్బు పెడితే ఎర్రగా అయింది, ఏం చేయాలి అని అడిగాను.

ఆమె పెట్టె దించి నా చెయ్యి పట్టుకుంది. "పక్కింటామె జాకెట్టా? మరి నీ ఉంగరం వేలు ఎందుకుమే పచ్చంగా ఉండాది?"

అంతా చెప్పాను.

"నీకెందుకుమే పసుపు" అనింది. కొట్టినట్టు అనింది. తర్వాత బొగ్గులు ఊదుకుంటూ, "నిమ్మకాయ పిండు. ఎరుపు మళ్ళ పసుపైతాది. పసుపు ఎండకు నిలబడలేదు, పోతాది. గానీ ఆ నీలం దారం గూడా ఎండకు నిలబడలేదు సూసుకో" అనింది. మళ్ళీ తనే, "కండ్లు కనపడవంటివి గదా ఆమెకు. గాజేసి బిగించి ఇచ్చేయ్. ఎవురికి తెలుస్తాది?" అనింది.

ఆ మాట నాకు వినపడకుండా ఉంటే బాగుండేది. అది నాలో దిగబడి కూర్చుంది. నిజమే గదా, ఎవరికి తెలుస్తుంది?

నిమ్మకాయ తెచ్చాను. దారం పాడవుతుందేమోనని ముందు కింది అంచు కొంచెం వదులు చేసి, గుడ్డ వెనకనున్న దారం కొస మీద ఒక చుక్క వేసి చూశాను. ఏమీ కాలేదు. అప్పుడు దూదితో మరక మీద అద్దాను. ఎరుపు నా కళ్ళముందే పసుపుగా తిరిగింది. చేతులెత్తి దండం పెట్టాను. ఎవరికి పెట్టానో తెలియదు. మంచినీళ్ళతో అద్ది అద్ది నిమ్మరసం తీసేశాను.

ఇక ఎండ. మరకకు ఎండ తగలాలి, నీళ్ళ కుట్లకు తగలకూడదు. ఇక్కడ మాత్రం నాకు తెలిసిన పనే అక్కరకొచ్చింది. పటాల చుట్టూ పెట్టే అట్టకు నడుమ కిటికీ కోస్తాం గదా, అలాగే పటమంత అట్ట తీసుకొని, మా ఆయన కత్తితో చింతగింజంత కిటికీ కోశాను. దాన్ని గుడ్డ మీద కప్పి, కదలకుండా నవారుతో కట్టి, ఆ కిటికీలో మరక ఒక్కటే కనపడేలా పెట్టాను. మరకలో మూడు నీలం కుట్లు ఉన్నాయి. వాటిని తప్పించడానికి దారి లేదు.

మిద్దె మీద పెట్టుకొని పక్కనే కూర్చున్నాను. మూడు రోజులు కూర్చున్నాను. కోతులు కొండ దిగి మా మిద్దెల మీద తిరుగుతాయి, ఏది కనపడితే అది లాక్కుపోతాయి. కర్ర పట్టుకొని కూర్చున్నాను. మబ్బు వస్తే భయం, ఎండ గట్టిగా ఉంటే నీలం పోతుందని భయం, మెట్ల మీద అడుగు వినపడితే మరిదేమోనని భయం. గంటకోసారి అట్ట ఎత్తి చూసేదాన్ని. మొదటిరోజు ఏమీ మారలేదు. రెండోరోజు మబ్బు. మూడోరోజు మధ్యాహ్నానికి మరక ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది. గుడ్డ తెల్లబడింది. మూడు కుట్లు మాత్రం పాలిపోయాయి, జ్వరం వచ్చిన మనిషి పెదవుల్లా.

ఫరవాలేదు, ఎవరికీ తెలియదు అనుకున్నాను. నోరు మూసుకోవాలని గట్టిగా అనుకున్నాను.

చెప్పిన రోజుకు వాళ్ళు వచ్చారు. పటం బల్ల మీద, గాజు లేకుండా. టీచరమ్మ చేతులు కడుక్కొని, తుడుచుకొని, రెండు అరచేతులూ గుడ్డ మీద పెట్టింది. వినాయకుడి చెవులు తడిమింది. తొండం తడిమింది.

"బాగా లాగినావమ్మీ. డప్పు మాదిరి ఉండాది."

నేను గాజుపలకల దగ్గర నిలబడి ఉన్నాను. ఆమె వేళ్ళు నీళ్ళలోకి దిగాయి. ఒక్కొక్క అల దాటుకుంటూ కిందికి వస్తున్నాయి. వేళ్ళు కింది అంచు దాటిపోయాయి. ఆగాయి. వెనక్కి వచ్చాయి. చూపుడువేలు గోరు ఒకచోట అటూ ఇటూ ఆడింది.

"ఈ మూడు కుట్లు నావి గావు."

"మీవే టీచరమ్మా, ఇంగెవురివి" అన్నాడు మరిది.

"నావే. గానీ ఎవురో రుద్దినారు. నూగు లేసిండాది."

సారు కళ్ళద్దాలు పైకెత్తి పటం మీదికి వంగాడు. "నాకేం కనపడలేదే."

"నీకు నేను కనపడి ఎన్నాళ్ళయింది!"

మరిది నవ్వాడు. నవ్వుతూ నా వైపు చూశాడు, నవ్వు ఆగిపోయింది. ఇస్త్రీ చేసేటప్పుడు రేగిందని చెప్పొచ్చు. ఆ మాట నాలుక మీద సిద్ధంగా ఉంది. కానీ ఆమె వేలు ఆ చోటునుంచి కదలలేదు. దెబ్బ తగిలిన బిడ్డను పట్టుకున్నట్టు అక్కడే పెట్టుకొని ఉంది.

"నేనే" అన్నాను. "పసుపు పెట్టినా. సబ్బుతో రుద్దినా. ఎర్రంగా అయింది. నిమ్మకాయ పిండి ఎండలో పెట్టినా." కొంగు మొహానికి అడ్డం పెట్టుకున్నాను. "నాకు మొగుడు లేడు టీచరమ్మా. పెట్టకూడదు. పెట్టినా."

"వదినా!" అన్నాడు మరిది.

సారు దగ్గాడు. నేను గోడ పట్టుకున్నాను.

"ఎంత మేర?" అని అడిగింది టీచరమ్మ.

"చింతగింజంత."

"నీలం పోయిందా?"

"ఆ మూడు కుట్లు పాలిపోయినాయి. తక్కింది ఏం గాలే. అట్టకు కిటికీ కోసి కప్పినా. మూడు దినాలు పక్కనే కూసున్యా."

"పక్కనే ఎందుకు?"

"కోతులుండాయి గదమ్మా."

సారు పక్కున నవ్వాడు. ఆమె నవ్వలేదు.

"మొగుడు లేకపోతే లేకపాయ, దానికేమి" అనింది. గొంతు పెరిగింది. "గుడ్డ మీద పసుపు పెట్టినావే, దానికి కొట్టాల నిన్ను! గుడ్డపని చేసే మనిషివి, గుడ్డ మీద ఎవురైనా తడి పసుపు పెడతారా? బడిలో అయింటే చేతి మీద స్కేలు ఇరగ్గొట్టిందును."

తిట్టింది. ఇంకా తిట్టింది. తడి గుడ్డ గురించి, సబ్బు గురించి, బుద్ధి గురించి తిట్టింది. నా నుదురు గురించి మళ్ళీ ఒక్క మాట అనలేదు. నేను అన్నీ విన్నాను. ఆ తర్వాత ఆమె చెప్పింది నాకు తిట్లకన్నా ఎక్కువ భయమైంది.

"ఆ మూడు కుట్లు పీకేయ్. ఆ దారం ఇంట్లో ఉండాది, రేపు తెస్తా. నువ్వే కుట్టాల."

"నాకు రాదు టీచరమ్మా. నేను లాగేదాన్నే గానీ కుట్టేదాన్ని గాదు."

"నాకూ ఇంగ రాదు గదా. రేపు తొలి బస్సుకు వస్తాం."

ఆ రోజంతా మరిది నాతో మాట్లాడలేదు. అన్నం తిన్నాడు, చెయ్యి కడుక్కున్నాడు, పోయాడు.

పొద్దున్నే వచ్చారు వాళ్ళు. ఆమె గాజుపలకల వెనక, నా చోటుకే వచ్చి, నా పక్కన చాప మీద కూర్చుంది. పటం మా ఇద్దరి ఒళ్ళోనూ సగం సగం. కింది అంచు దారం వదులు చేసి, గుడ్డను అట్టనుంచి ఎత్తి, పాత కుట్లు సూదిమొనతో తీశాను. ఒక్కొక్కటి తీస్తుంటే ఎవరి ఒంట్లోంచో ముల్లు తీస్తున్నట్టు ఉండింది. ఆమె వేలు నా వేలి పక్కనే ఉంది, నేను ఎక్కడ గుచ్చబోతున్నానో ఆ చోటు ముందే తాకి చూపించింది.

"ఈడ గుచ్చు. లాగొద్దు, వదులు. నువ్వు అట్ట మీద లాగినట్టు లాగబాకు. ఇది నీళ్ళు, మంచం గాదు."

మొదటిది పడింది. రెండోది పడింది. చెమట కంట్లోకి కారుతుంటే తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. సారు విసనకర్రతో విసురుతూ, "ఊపిరి పీల్చుకోమే, పోతావు" అన్నాడు.

మూడోది వంకరపోయింది. చూస్తూనే తెలిసింది నాకు.

"వంకరపోయింది టీచరమ్మా."

ఆమె వేలితో తడిమింది. ఒకసారి, ఇంకోసారి.

"తెలుస్తాంది" అనింది.

విప్పమంటుందని సూది పట్టుకొని కూర్చున్నాను. ఆమె విప్పమనలేదు. వెనక ముడి ఎలా వేయాలో చెప్పి, సారు భుజం పట్టుకొని లేచింది. గుడ్డను మళ్ళీ అట్ట మీదికి లాగి కట్టి, గాజు బిగించాను. ఆ వంకర కుట్టు గాజు కింద నా వైపే చూస్తోంది.